శిశుపోషణ: గర్భములోనే కట్టు రక్ష

పుట్టిన బిడ్డకు దృష్టి తగులకుండ మన పెద్దలు రక్షరేకు గట్టుదురు. దానిని గూర్చి మేము వాదింపబోము. అంతకు ముందే తల్లి తన గర్భములో బిడ్డకొక రక్షను గట్టుచున్న సంగతి సోదరీమణులకు దెలుపగోరెదము.

తల్లి ఏయే రోగక్రిములను ఎదుర్కొన్నదో, ఏయే టీకాలు వేయించుకొన్నదో, వానికి మాత్రము తగిన ప్రతిరక్షకములను పదార్థములు ఆమె నెత్తురులో బుట్టును. ఇవి మావి ద్వారా శిశువును జేరును. అధికభాగము చేరుట కడపటి మూడు మాసములలోనే. నెలలు నిండకమున్నే పుట్టిన బిడ్డ ఈ సొత్తు చేతికి రాకముందే బయటికి వచ్చును. క్రిములు నెత్తురున జొరబడి ఒడలెల్ల చెరచు సెప్సిస్ అను ఆపద అట్టి శిశువులకు హెచ్చుగా గలుగుటకు ఇది యొక కారణము.

1892లో జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ అను పండితుడు దీనిని చుంచెలుకలయందు పరీక్షించెను. ఆయన వాడినవి మన పెరటి వస్తువులే: గురివింద గింజలలోని విషము, ఆముదపు గింజలలోని విషము. వానికి కొంచెము కొంచెముగా అలవాటుపడిన తల్లి యెలుకల పిల్లలు ఆ విషమును తట్టుకొన్నవి. తండ్రి మాత్రమే అలవాటుపడినచో పిల్లలకు ఆ బలము రాలేదు. (పురుషులు మమ్ము మన్నింతురు గాక!) అట్టి తల్లి పాలు త్రాగిన పరాయి పిల్లలకును ఆ శక్తి యబ్బెను.

మనుష్యుల విషయమున 1976లో అమెరికాయందు కరోల్ బేకర్, డెన్నిస్ కాస్పర్ అను వైద్యులు ఇట్టిదే కనుగొనిరి. బి వర్గపు స్ట్రెప్టోకాకస్ క్రిమి పెక్కుమంది స్త్రీలలో హాని చేయక యుండి, ప్రసవసమయమున బిడ్డకు సోకును. జబ్బుపడిన బిడ్డల తల్లుల నెత్తురులో దానికి తగిన ప్రతిరక్షకములు కొఱవడి యుండెను.

అట్లని గర్భిణి జబ్బుపడుట మేలని యెంచరాదు. గర్భాశయమునకు సోకిన రోగము అకాలప్రసవము దెచ్చి, రావలసిన రక్షను గూడ పోగొట్టును. టీకాయే సురక్షితమైన త్రోవ. ధనుర్వాతపు టీకా గర్భిణులకు వేయుటవలనను, శుభ్రమైన పురుళ్లవలనను, మన దేశమున ప్రతి జిల్లాలోను శిశువుల ధనుర్వాతము వేయి జననములకు ఒకటికంటె తక్కువకు దిగినట్లు 2015లో నిర్ధారణ యయ్యెను.

ఇక ముర్రుపాలు. వానిని చెడుపాలని పిండి పారబోసి, బిడ్డకు తేనె నాకించు ఇండ్లు ఇంకను గలవు. ఇది మాకు మిక్కిలి కష్టముగా దోచును. ప్రతిరక్షకములు దట్టముగా నుండు పాలవియే. పుట్టిన గంటలోపల అవి బిడ్డ నోట బడవలెను.

నెలలోపు బిడ్డ చన్ను పట్టకున్నను, ఒడలు చల్లబడినను, కాలినను, కదలిక తగ్గినను, నిమిషమునకు 60 సారులు గాని అంతకు మించి గాని ఊపిరి దీసినను, తెల్లవారనిమ్మని కూర్చుండక ఆ క్షణమే ఆసుపత్రికి గొనిపోవలయును.