యాప్ పనికీ సర్వీసు సర్టిఫికెట్ ఇప్పించాలని వినతి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, సంగారెడ్డి.

విషయం: డెలివరీ, బైక్ ట్యాక్సీ కార్మికుల పని రికార్డు, ఐడీల నిలిపివేత, బీమా గురించి.

ఆర్యా,

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్‌లలో యాప్‌ల మీద బండి నడుపుకొని బతుకుతున్నవాళ్లం. మాలో చాలామంది ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చదివి, ఇక్కడి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టర్ కింద చేసి, జీతం చాలక ఇటు వచ్చినవాళ్లే. అక్కడ వచ్చేది తక్కువే గానీ ఈఎస్ఐ కార్డుండేది, రామచంద్రాపురం ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు బండి మాది, పెట్రోలు మాది, కాలు విరిగితే ఖర్చూ మాదే.

ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు వాళ్లు బిర్యానీ ఆర్డర్ పెట్టి, ఫోన్ సెక్యూరిటీకి అప్పగించి ప్లాంటులోకి వెళ్తారు. మేం గేటు ముందు నిలబడి కాల్ చేస్తే ఆ ఫోన్ సెక్యూరిటీ గదిలోనే మోగుతుంది. లోపలికి కబురు వెళ్లి మనిషి వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ ఆలస్యం మా ఖాతాలో పడుతుంది, రేటింగ్ పడిపోతుంది, ఒకరోజు యాప్‌లో మా ఐడీ ఆగిపోతుంది. ఎందుకని అడుగుదామంటే మనిషి దొరకడు.

అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. ఫ్యాక్టరీలో రెండేళ్లు చేసిన హెల్పర్ సర్వీసు సర్టిఫికెట్ అడిగి తీసుకుంటాడు. ఐదేళ్లు బండి నడిపినా మా చేతికి కాగితం ముక్క రాదు. ఒక యాప్‌లో సంపాదించిన రేటింగ్ ఇంకో యాప్‌లో చెల్లదు, బ్యాంకువాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఈలోగా నేర్చిన ట్రేడు చేతికి దూరమవుతోంది.

2020 సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం మా సంక్షేమానికి కట్టాలని అందులో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో మాలాంటి కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. అయితే ఫలానా వాడు ఫలానా రోజు పనిలో ఉన్నాడని రాసిచ్చేవారు లేకపోతే ఆ బీమా అడగడానికి ఆధారమేది?

కాబట్టి ఎన్నాళ్లు, ఏ పని చేశామో కంపెనీ రాసివ్వాలన్న నిబంధన కోసం తమరు ప్రభుత్వానికి సిఫారసు చేయాలి. ఐడీ ఆపేముందు కారణం రాతపూర్వకంగా చెప్పేలా కార్మిక శాఖ చూడాలి. ఇస్నాపూర్ చౌరస్తాలో ఈ-శ్రమ్ నమోదు శిబిరం పెట్టించాలి. ఐటీఐలను ఉన్నతీకరించి తెస్తున్న అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లలో మాకు వీలైన వేళల్లో చిన్న కోర్సులు ఉంటే మళ్లీ మెషిన్ పట్టగలం. ఇక ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ఒక రేకుల షెడ్డు, లోపలికి మాట్లాడే ఇంటర్‌కం చాలు. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రజావాణిలో ఇస్తున్న ఈ అర్జీకి రసీదు ఇప్పించి, కంపెనీల ప్రతినిధులతో మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడించే తేదీ చెప్పగలరని ప్రార్థన.

ఇట్లు,
పటాన్‌చెరు–సంగారెడ్డి ప్రాంత డెలివరీ, బైక్ ట్యాక్సీ కార్మికులు