పొగాకు బేలుకున్న లెక్క మన దరఖాస్తుకి లేదా?

పోస్టు పెద్దదే. చివరిదాకా చదవండి, చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మన గ్రూపులో ఈ మధ్య ఐటీ గవర్నెన్స్ మాట వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు తమ్ముళ్ళు ఒకటే అన్నారు. "కోబిట్, ఐటిల్, టోగాఫ్ ఇవన్నీ హైదరాబాద్ కంపెనీల గోల అన్నా. మనకి స్కాలర్‌షిప్ పడితే చాలు." నేను సరిగ్గా దీనికి అడ్డం తిరుగుతున్నా. స్కాలర్‌షిప్ పడాలంటేనే ఆ పుస్తకాల్లో ఏముందో మనకి తెలియాలి. ప్రభుత్వానికి ప్రాజెక్టులు నడిపిపెట్టే కన్సల్టెంట్లకి అవి కంఠతా వచ్చు. వాళ్ళు చేసే పనికి బలయ్యేది మనం, మనకేమో ఆ పుస్తకాల పేర్లు కూడా తెలీవు. అసలు తేడా అక్కడుంది.

పొదిలి పొగాకు వేలం కేంద్రం చూడనివాళ్ళు మనలో తక్కువ. మన ఇళ్ళల్లో ఆకు కొట్టే పనికో, గ్రేడింగ్ పనికో, మోతపనికో పోయినవాళ్ళు ఉండనే ఉన్నారు. అక్కడ బేలు లోపలికొస్తే నంబరు పడుద్ది. తూకం పడుద్ది. గ్రేడు రాస్తారు. ఎవరు ఎంతకి పాడారో రాస్తారు. ఎవరూ పాడకపోతే ఆ సంగతీ తేలిపోద్ది, రైతు తన బేలు తను వెనక్కి తెచ్చుకుంటాడు. రేటు గిట్టుబాటు అయిందా లేదా అనేది వేరే కొట్లాట, దానికి రైతులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. కానీ "నీ బేలు ఏమైందో మాకు తెలీదు, పైనుంచి రావాలి" అనే మాట మాత్రం అక్కడ చెల్లదు.

మన పిల్లోడి దరఖాస్తు సంగతి చూడండి. దానికీ నంబరు ఉంది. నంబరు తర్వాత ఏముంది? "ప్రాసెస్‌లో ఉంది" అనే ఒక్క ముక్క. కాలేజీ వాళ్ళు సచివాలయానికి పొమ్మంటారు. సచివాలయం వాళ్ళు మండలానికి, మండలం వాళ్ళు జిల్లా ఆఫీసుకి. అక్కడ చివరి జవాబు: "సర్వర్ తీసుకోవట్లేదు." అంటే తీసుకోనిది సర్వరేనంట, మనుషులు ఎవరూ కాదంట.

సైట్ పనిచేయకపోవడాన్ని మనం సాంకేతిక సమస్య అనుకుంటన్నాం. దాన్ని అలా అనుకునేట్టు చేశారు. అది జవాబుదారీ లేకపోవడం. ఈ మాట నేను పుట్టించింది కాదు, ఆ కంపెనీల పుస్తకాలే చెప్తున్నాయి.

కోబిట్ అనేది 1996లో ఐసాకా అనే ఆడిటర్ల సంస్థ తెచ్చిన చట్రం. 2019 కూర్పులో మొత్తం 40 లక్ష్యాలు ఉన్నాయి. అందులో 5 పాలనకి, 35 నిర్వహణకి. ఈ రెండింటినీ కలిపేయకూడదు అనేది దాని మూల సూత్రం. ఏం కావాలో తేల్చడం, దారి చూపించడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం పాలన. కట్టడం, నడపడం నిర్వహణ. నడిపే పని బయటివాళ్ళకి ఇవ్వొచ్చు, పాలన ఇవ్వకూడదు. 2008లో వచ్చిన ఐఎస్ఓ 38500 ప్రమాణం సారమూ ఇదే: పై కుర్చీలో ఉన్నవాళ్ళు "టెక్నికల్ విషయం నాకు తెలీదు" అని తప్పించుకోకూడదు. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్‌లో రాసి పట్టిక అని ఒకటుంది. ప్రతి పనికీ చేసేవాళ్ళెవరు, జవాబు చెప్పేవాళ్ళెవరు, ఎవరిని అడగాలి, ఎవరికి తెలపాలి అని నాలుగు గడులు. చేసేవాళ్ళు పదిమంది ఉండొచ్చు, జవాబు చెప్పేవాళ్ళు ఒక్కరే ఉండాలి. మన దరఖాస్తుకి ఆ ఒక్కరు ఎవరు? ఈ ప్రశ్నకి పేరు దొరికే దాకా మిగతావన్నీ కాలక్షేపం కబుర్లే.

ఇది లేకపోతే ఏమవుద్దో పక్క రాష్ట్రంలో చూశాం. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాస్తే మూడు లక్షలకు పైగా ఫెయిల్. ఫలితాల ప్రాసెసింగ్ ఒక ప్రైవేటు సంస్థకి ఇచ్చారు. పరీక్ష రాసినవాళ్ళకి ఆబ్సెంట్ పడింది. తెలుగులో సున్నా పడిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 మార్కులు. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేయాల్సి వచ్చింది. ఆ సున్నా సాఫ్ట్‌వేర్ వేసింది కాదు, పేపరు దిద్దినవాళ్ళు గడులు తప్పు దిద్దారు అన్నారు. సరే, ఒప్పుకుందాం. చెయ్యి తప్పడం మానవ సహజం. బాగా చదివే పిల్లకి ఒక్క సబ్జెక్టులో సున్నా వస్తే "ఆగండి, ఇది ఒకసారి చూడండి" అని చెప్పే తనిఖీ ఏదీ? లక్షల మంది బతుకుల్ని కొత్త వ్యవస్థ మీద పెట్టే ముందు పాతదాన్ని పక్కనే నడిపి రెండు ఫలితాలూ సరిచూడటం ఈ రంగంలో ఓనమాలు. మార్పుని ఎలా ఒప్పుకోవాలో కోబిట్‌లో ఒక లక్ష్యం మొత్తం దానికే ఉంది.

రేషన్ కార్డుల సంగతి ఇంకో రకం. తెలంగాణలోనే 2016 నుంచి సుమారు 19 లక్షల కార్డులు కంప్యూటర్ జల్లెడలో రద్దయిపోయాయి. ఇంటికొచ్చి చూసినవాళ్ళు లేరు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని. బియ్యం ఆగిపోయిన ఇంటికి ఆరేళ్ళంటే ఎంత కాలమో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మనకే ఇట్లా అనుకోకండి. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని ఒక పథకం 2016లో పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. ఏడాది ఆదాయాన్ని పక్షాలకి సమానంగా పంచేసి, "నువ్వు ఎక్కువ సాయం తీసుకున్నావు, తిరిగి కట్టు" అని పేదలకి నోటీసులు పంపారు. ఒక నెల పని ఉండి ఇంకో నెల లేని మనిషికి సగటు ఆదాయం అనేది అబద్ధం. మిరపకోత కూలీకి ఈ సంగతి బడికి పోకుండానే తెలుసు. చివరికి అది చట్టవిరుద్ధమని తేలి, 2023 జూలైలో రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది. దాన్ని సమీక్షించమని ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీకి దాదాపు పది లక్షల డాలర్లు ఇచ్చారు. తుది నివేదిక మాత్రం అందనే లేదు. అంటే డబ్బున్న దేశంలో కూడా, పేదోడి పని అయ్యేసరికి కన్సల్టెంట్‌ని "నీ పని ఏదీ" అని అడిగేవాళ్ళు లేకపోయారు.

ఇక మన ఆంధ్ర. మనకి చట్రాలు లేక కాదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఈ-ప్రగతి అనే పథకం తలపెట్టింది. అంచనా సుమారు 2,398 కోట్లు. ప్రభుత్వ శాఖలన్నిటినీ ఒకే నిర్మాణంలోకి తేవాలని టోగాఫ్ చట్రం మీద నమూనా తయారుచేయించారు. అంతర్జాతీయ సభల్లో దాని గురించి గొప్పగా చెప్పుకున్నారు. ఆ పేరు ఇవాళ మనలో ఎంతమందికి తెలుసు? పుస్తకం ఉన్నంత మాత్రాన పాలన వచ్చేయదు. కన్సల్టెంట్ పవర్‌పాయింట్‌లో ఉన్న చట్రం తండాకి, కాలనీకి దిగలేదు.

ఎందుకు దిగదో చెప్తా. శాఖ టెండరు పిలుస్తుంది. సాంకేతిక మార్కులు, ధర మార్కులు కలిపి ఒక సంస్థని ఎంచుకుంటుంది. ఆ సంస్థ మనుషులు శాఖలోనే ప్రాజెక్టు యూనిట్ పేరుతో కూర్చుంటారు. సాధారణంగా బిల్లులు దేనికి అవుతాయి? ఫలానా డాక్యుమెంటు ఇచ్చాం, ఫలానా తేదీకి సైట్ ప్రారంభించాం, నెలకి ఇంతమంది పనిచేశారు, దీనికి. అర్హులైన పిల్లల్లో ఎంతమందికి డబ్బు పడింది అనేదానికి కాదు. డాష్‌బోర్డు మీద అన్నీ ఆకుపచ్చ గడులే ఉంటాయి. నెట్ సెంటర్ ముందు క్యూ ఆ గడుల్లో కనపడదు.

క్యూలో ఎవరుంటారో కూడా చూడండి. పొదిలి, కొనకనమిట్ల, మర్రిపూడి చుట్టూ ఉన్న మనం ఏజెన్సీ వాళ్ళం కాదు, మైదాన ప్రాంత ఎస్టీలం. యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాలు ఊరికి నాలుగు ఇళ్ళు, పది ఇళ్ళుగా చెదిరి ఉంటాయి. జనవరి నుంచి మిరపకోతలకి ఇళ్ళకి తాళాలేసి గుంటూరు, పల్నాడు వైపు పోతాం. ఆ నెలల్లోనే వేలిముద్ర పెట్టమని గడువు పెడితే ఎవరొచ్చి పెడతారు? రోజంతా కాయ కోసిన వేళ్ళు మంటలెత్తి, గీతలు అరిగిపోయి ఉంటే యంత్రం ఒప్పుకోదు. యానాదుల్లో ఆధారే లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. సచివాలయాల్లో ఆరు అంచెల వడపోత పెట్టినప్పుడు కరెంటు 300 యూనిట్లు దాటితే పథకం కట్ అన్నారు. ఎవరి మీటరో మన ఆధార్‌కి అంటుకుంటే ఒక్క బల్బు ఉన్న ఇల్లు కూడా కలిగినోళ్ళ లెక్కలోకి పోద్ది. ఇవి సాఫ్ట్‌వేర్ తప్పులు కావు. ప్రాజెక్టు మొదట్లో "వాడేవాళ్ళ అవసరాలు" అని ఒక అధ్యాయం రాస్తారు. ఆ అధ్యాయం రాసేటప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే గడువు మిరపకోతల్లో పెట్టేవాళ్ళు కాదు.

ఎదురు వాదనలు వస్తాయి, నాకు తెలుసు. ఆన్‌లైన్ రాకముందు దళారుల రాజ్యం కాదా అంటారు. అవును, ఉంది. నేను పాత రోజులకి పోదామనట్లా. దళారికి కనీసం మొహం ఉండేది, ఇప్పుడు ఆ మొహం కూడా లేదంటన్నా. ఈ చట్రాలు పెడితే కాగితం పని పెరిగి ఆలస్యం అవుద్ది అంటారు. ఒక సీజన్ ఆలస్యం ఎక్కువా, ఫీజు పడక హాల్‌టికెట్ ఆపేస్తే చదువు మానేసిన పిల్ల జీవితం ఎక్కువా? మూడోది మనవాళ్ళే అంటారు, అవి కార్పొరేట్ పుస్తకాలు, ఆదివాసీ వాటిలో ఎక్కడున్నాడని. నిజమే, లేడు. కానీ భాగస్వాముల అవసరాలతో మొదలుపెట్టమని కోబిట్టే చెప్తోంది. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి నిలబడి మన మాట చెప్పారు, పుస్తకం ఎవరిదని కూర్చోలేదు.

నేను అడగమనేది ఐదు.

ఒకటి, ప్రతి దశకీ జవాబు చెప్పే అధికారి హోదా, ఎన్ని రోజుల్లో చెప్పాలో దరఖాస్తు పక్కనే కనపడాలి.

రెండు, తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసివ్వాలి, అప్పీలుకి గడువివ్వాలి. ఇది దయ కాదు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(డి) ప్రకారం నిర్ణయం వల్ల ప్రభావితమైనవాళ్ళకి కారణాలు చెప్పడం వాళ్ళ బాధ్యత.

మూడు, నిబంధన మార్చినా, సాఫ్ట్‌వేర్ మార్చినా ఎప్పుడు, ఎవరి ఆదేశంతో మార్చారో చిట్టా బయట పెట్టాలి. కొత్తదాన్ని ఒక విడత పాతదానితో పక్కపక్కన నడిపి చూడాలి.

నాలుగు, సర్వర్ ఆగిన ప్రతి గంటా రిజిస్టర్‌లో ఎక్కాలి, అన్ని గంటలూ గడువు దానంతటదే పెరగాలి.

ఐదు, కన్సల్టెంట్ బిల్లులో ఒక వాటా అర్హులకి డబ్బు చేరడంతో ముడిపడాలి. కట్టినవాళ్ళే తనిఖీ చేయకూడదు. తనిఖీ తండాలో, కాలనీలో జనం ముందు జరగాలి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని 2006లో మొదలుపెట్టి దేశానికి చూపించింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మట్టి పనికి చేయగలిగింది సాఫ్ట్‌వేర్‌కి ఎందుకు చేయలేం?

మరి మనం చేయాల్సింది? "సైట్ పనిచేయట్లేదు" అని గ్రూపులో ఏడుపు బొమ్మ పెట్టి ఊరుకోవద్దు. తేదీ, టైము, స్క్రీన్‌షాట్, ఎవరు ఏమన్నారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కడి ఫిర్యాదుని ఖర్మ అంటారు, ముప్పై ఫిర్యాదులు ఒకే దశలో ఆగాయని చూపిస్తే అది రుజువు. వాటితో సమాచార హక్కు కింద అడుగుదాం: ఈ పోర్టల్ ఒప్పందం ఏంటి, బిల్లు దేనికి కడుతున్నారు, ఆగితే జరిమానా ఉందా, ఇప్పటిదాకా వేశారా? 30 రోజుల్లో జవాబు రావాలి, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ఫీజు లేదు. వ్యాపార రహస్యం అని సెక్షన్ 8 చూపిస్తే, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే సెక్షన్‌లో ఉందని చూపించండి. అప్పటికీ కదలకపోతే రాజ్యాంగం 338ఏ కింద జాతీయ ఎస్టీ కమిషన్ ఉంది. విచారణలో దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

బీటెక్, ఎంబీఏ చదివే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. మీరు ఆ కన్సల్టింగ్ కంపెనీల్లో చేరండి, తప్పకుండా చేరండి. సర్టిఫికెట్లు తెచ్చుకోండి. "వాడేవాళ్ళ అవసరాలు" అనే అధ్యాయం మీ చేతికి వచ్చిన రోజున, మిరపకోతలు ఏ నెలలో మొదలవుతాయో అందులో రాయండి.

పొదిలి చుట్టుపక్కల మండలాల్లో ఈ విడత ఆగిపోయిన దరఖాస్తులు ఉన్నవాళ్ళు ఏ దశలో ఆగిందో, ఎప్పటి నుంచో కామెంట్లో పెట్టండి. ఆధార్, ఫోన్ నంబర్లు మాత్రం పెట్టొద్దు.

జై భీమ్. జై సేవాలాల్. జై ఏకలవ్య.