ఆ వాదన మాన్పించకండి

ఆగస్టు దాటి డిగ్రీ కాలేజీల్లో ఆటల జట్లు ఎంపికయ్యే రోజులు దగ్గరపడేసరికి కవిటి టీ కొట్ల దగ్గర ఒక వాదన రాజుకుంటుంది. ఈ ఏడు వాలీబాల్‌లో ఎవరిది పైచేయి? టెక్కలి వాళ్లదా, పలాస వాళ్లదా, బారువ వాళ్లదా, ఇచ్ఛాపురం వాళ్లదా? కబడ్డీలో పోయినేడు కూతకెళ్లిన గుంటడు చదువైపోయి వెళ్లిపోయాడు కదా, వాడి చోటులో ఎవరు? ఆ పొడుగు కుర్రాడు ఇంటర్ అయ్యాక ఏ కాలేజీలో చేరాడు? గొంతులు పెరుగుతాయి. అప్పుడు పక్క బల్ల మీదున్న పెద్దాయనెవరో అందుకుంటారు: "ఆళ్లలో ఎవులు నెగ్గితే మనకేటొస్తాది? రేపు ఇండియాకి ఆడతారేటి? ఒగ్గేయండి." చుట్టూ ఉన్నవాళ్లంతా ఔనంటారు. వాదించిన కుర్రాళ్లు కూడా తగ్గి ఊరుకుంటారు.

ఆ పెద్దాయన మాట తప్పు. అందరూ ఔనన్నంత మాత్రాన అది ఒప్పైపోదు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ రోజు ఆ మాటే చెల్లుబాటు అవుతోంది కాబట్టి దాన్ని గట్టిగానే కాదనాలి.

అనేవాళ్లు ఎందుకంటున్నారో నాకు తెలియక కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి చెట్లు రాత్రికి రాత్రి పడిపోవడం చూసిన మనుషులు వాళ్లు. కిడ్నీ జబ్బుతో ఇంట్లో ఒకరో ఇద్దరో డయాలసిస్‌కు తిరుగుతున్న కుటుంబాలు వాళ్లవి. కొడుకులు హైదరాబాదుకో చెన్నైకో గల్ఫుకో వెళ్తేగాని పూట గడవదు. ఊళ్లో మిగిలిన కుర్రాళ్లు సైన్యంలోనో పోలీసులోనో చేరాలని తెల్లవారకముందే రోడ్ల మీద పరుగు తీస్తున్నారు. ఆ పరుగు జీతం తెస్తుంది, వాలీబాల్ తేదు. ఇన్ని కష్టాలున్న చోట కాలేజీ జట్ల గురించి గొంతు చించుకోవడం బాధ్యత లేనితనంగా కనిపించడంలో వింత లేదు.

అయితే అవే ఇళ్లలో ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదకొండు దాటేదాకా ఐపీఎల్ నడుస్తుంది. దాన్ని కాలం పాడుచేసుకోవడమని ఎవరూ అనరు. పెద్దాయన కూడా కూర్చుని చూస్తారు. అంటే అభ్యంతరం ఆట మీద కాదు, వాదన మీదా కాదు. జట్టు చిన్నదవడం మీద. మనకు తెలిసిన కుర్రాళ్లు ఆడేది ఆట కాదని, తెలియని వాళ్లు టీవీలో ఆడేదే ఆట అని మనసులో పడిపోయింది. నేను కాదంటున్నది దీన్నే.

టీవీలో ఆట స్థాయి ఎక్కువ, నిజమే. చూసేవాడి స్థాయి సంగతేమిటి? ఆ కొట్టు దగ్గర వాదన చెవిపెట్టి వినండి. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. ఆ గాలికి ఎదురుగా నిలబడి సర్వీసు చేయడం తీరం ఊళ్ల కుర్రాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. బంతిని ఎత్తుగా లేపకుండా నెట్టు మీంచి దూసుకుపోయేలా కొడతారు. గాలి అడ్డున్న ఆవరణలో నేర్చుకున్న లిఫ్టర్ అదే కోర్టుకొస్తే బంతి ఎక్కడ దిగుతుందో అంచనా వేయలేడు. మొదటి సెట్టు ఏ వైపు తీసుకోవాలన్న మాట అక్కడే పుడుతుంది. కబడ్డీకొస్తే ఇంకో చిక్కు. ఉద్దానం కుర్రాడు ఇసుక నేల మీద ఆడి పెరిగాడు. పెద్ద పోటీలన్నీ ఇప్పుడు మ్యాట్ మీద. ఇసుకలో కాలు కూరుకుని తిరిగే అలవాటున్నవాడు మ్యాట్ మీద 30 సెకన్ల కూతలో బోనస్ గీత దాకా వెళ్లి వెనక్కి రాగలడా? పట్టు పట్టేవాడి మోకాలు ఆ దెబ్బకు తట్టుకుంటుందా? వీటికి టీవీలో ఎవరూ జవాబు చెప్పరు. చూసినవాడే చెప్పాలి, కాదనేవాడూ చూసినవాడే అయి ఉండాలి.

పెద్దవాళ్లు కలిస్తే వాదన ఇంకా ముదురుతుంది. పాత లెక్కలో సెట్టు 15 పాయింట్లకు, సర్వీసు మనదైతేనే పాయింటు. 1998-99 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటు, సెట్టు 25కి. పాత లెక్కలో ఓపికున్న జట్టు గెలిచేదని, కొత్త లెక్కలో ఒక్క షూటర్ దూకుడు చాలని పాతవాళ్లంటారు. కుర్రాళ్లు ఒప్పుకోరు. ఇద్దరూ కొంత కొంత సరైనవాళ్లే. ఐపీఎల్ గురించి మనం మాట్లాడేటప్పుడు అంతకు ముందు రాత్రి వ్యాఖ్యాత అన్నదాన్నే తిప్పి చెబుతాం. ఇక్కడ మాత్రం సొంత కళ్లతో చూసి, సొంత తీర్పు చెప్పి, దానికి నిలబడాలి. అలాంటి తీర్పు చెప్పే అలవాటు ఒక ఊరికి ఉండటం చిన్న విషయం కాదు.

ఇక పెద్ద జట్ల సంగతి. వాటి మీద ప్రేమ పెంచుకున్న తెలుగువాళ్లకు ఏం జరిగిందో చూద్దాం. దక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది. 2012లో ఆ జట్టే రద్దైపోయింది. 2019లో పుణె ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి మూతపడి, ఆ చోటు హైదరాబాద్ ఎఫ్‌సీకి దక్కింది. 2021-22లో అది ఐఎస్‌ఎల్ గెలిచింది. పాతకాలపు ఫుట్‌బాల్ అభిమానులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. 2025లో కొత్త యజమానులు పేరు మార్చి ఢిల్లీకి తీసుకుపోయారు. గ్యాలరీలో జెండాలు ఊపినవాళ్లను ఒక్క మాట అడగలేదు, అడగాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. కొన్నవాడిది జట్టు. టెక్కలి కాలేజీ జట్టును ఎవరూ కొనలేరు, ఢిల్లీకి తీసుకుపోలేరు. కుర్రాళ్లు మూడేళ్లకోసారి మారిపోతారు, జట్టు మాత్రం టెక్కలిదే. మనిషి తన అభిమానాన్ని ఎక్కడ పెట్టుకుంటే నిలుస్తుందన్నది అడగాల్సిన ప్రశ్న. దానికి నా జవాబు ఊరికి దగ్గరున్న ఆ జట్టే.

హైదరాబాద్ ఫుట్‌బాల్ మాట ఎత్తాను కాబట్టి ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే శిక్షకుడిగా భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కించుకుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం స్థానిక లీగులో ఆడుతూనే రహీం కంట పడ్డాడు, రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఉమ్మడి రాష్ట్రానికి ఆ ట్రోఫీ మళ్లీ దక్కలేదు.

ఎందుకు దక్కలేదన్నదానికి చాలా కారణాలు చెబుతారు. రహీం 1963లో పోయాడు, మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు, డబ్బంతా క్రికెట్‌కు పోయింది. అన్నీ ఒప్పుకుంటాను. నేను మరొకటి కలుపుతాను: హైదరాబాద్ బస్తీల్లో ఎవరి జట్టు గొప్పదని గొడవపడేవాళ్లు కరువయ్యారు. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వాదన ఇళ్లలో వంటింటి దాకా వెళ్తుంది. అక్కడ ఆట ఎంత చితికినా చావలేదు. వాదించేవాడు ఉన్నంతకాలం మైదానం గోడ ఎవడో కూల్చేస్తుంటే చూసి అడిగేవాడు ఒకడుంటాడు. లేనప్పుడు అక్కడ షాపులు లేచాక గాని తెలియదు.

చిన్న జట్లను వెనకేసుకొచ్చేవాళ్లు సాధారణంగా ఇంకో మాట చెబుతారు. "రేపు వీళ్లలోంచే ఒక మల్లీశ్వరి రావచ్చు కదా!" కరణం మల్లీశ్వరి మన జిల్లా బిడ్డే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి బయలుదేరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమె పేరు చెప్పుకుని గర్వపడటం మన హక్కు. కానీ ఆ వాదనతో నేను ఏకీభవించను. అది పెద్దాయన మాటనే వేరే దారిలో ఒప్పుకోవడం. మల్లీశ్వరి రాకపోతే? ఇచ్ఛాపురం జట్టులోంచి ఒక్కడూ ఇండియాకు ఆడకపోతే? అప్పుడా ఆట దండగేనా? కాదు. నవంబరులో ఒక సాయంత్రం ఐదో సెట్టు 13-13 దగ్గర ఉన్నప్పుడు ఆ కుర్రాడు ఎగిరి కొట్టిన బంతి అక్కడికక్కడే విలువైనది. ఆ తర్వాత వాడు గుమాస్తా అయినా, గల్ఫులో వెల్డింగ్ చేసినా ఆ విలువ తగ్గదు.

ఈ సంగతి బాగా తెలిసిన మనుషులు అమెరికాలో ఉన్నారు. పెన్సిల్వేనియాలో లఫాయెట్, లీహై అని రెండు చిన్న కాలేజీలున్నాయి. వాటి మధ్య దూరం పలాసకూ టెక్కలికీ మధ్య ఉన్నదానికంటే ఎక్కువ కాదు. వాళ్ల తరహా ఫుట్‌బాల్‌లో ఆ రెండూ 1884 నుంచి తలపడుతున్నాయి. దేశంలో మరే రెండు కాలేజీలూ ఒకదానితో ఒకటి అన్నిసార్లు ఆడలేదు. 2014లో 150వ పోటీని న్యూయార్క్ యాంకీ స్టేడియంలో పెట్టుకున్నారు. ఆ రెండు కాలేజీల్లో ఏదీ దేశంలో పెద్ద జట్టు కాదు. ఆటగాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత ఇంజినీర్లు, గుమాస్తాలు, వ్యాపారులు అవుతారు. తాతలు మనవల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. అక్కడ చదువుకున్న మన పిల్లలు కూడా ఆ పోటీలను గొప్పగా చెబుతారు. ఇంటికొచ్చి బారువ, సోంపేట జట్ల గురించి ఎవరైనా మాట్లాడితే మాత్రం నవ్వుతారు. ఆ నవ్వే నన్ను బాధపెడుతుంది.

గొడవలవుతాయన్న భయం ఇంకొకటి. అవుతాయి, అప్పుడప్పుడు చొక్కాలు చిరుగుతాయి. కులం పేరు మధ్యలోకి వస్తే దాన్ని అక్కడికక్కడే ఆపాల్సిందే, ఆ విషయంలో మెతకదనం పనికిరాదు. కానీ సినిమా హీరోల పేరుతో తలలు పగలగొట్టుకునే వాళ్లను చూస్తే ఒకటి అర్థమవుతుంది: అవతలివాడు ఎవడో తెలియనప్పుడే కొట్లాట హద్దు దాటుతుంది. కవిటివాడికీ సోంపేటవాడికీ మధ్య వరసలున్నాయి. అవతలి జట్టు లిఫ్టర్ మేనత్త కొడుకు. రెఫరీ మీద అరిచినవాడు వరసకు మావయ్య. పొద్దున్న వాదించిన బావ సాయంత్రం కాయల లోడుకు లారీ మాట్లాడిపెట్టాలి. ఈ వరసలే గొడవకు హద్దు. వాదన ఆపితే గొడవ పోతుందనుకోకండి, ఆ కుర్రాళ్లు వేరే జెండా వెతుక్కుంటారు.

అయితే ఈ వాదనలో లోపాలు లేవని అనను. పెద్దాయన చెప్పేవి కావు, వేరేవి.

మొదటిది, రాసిపెట్టేవాడు లేడు. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పరిధిలో కాలేజీల మధ్య పోటీలు జరుగుతాయి, వాటిలోంచే విశ్వవిద్యాలయం జట్టు ఏర్పడి అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తుంది. కవిటి నుంచి ఎచ్చెర్ల వంద కిలోమీటర్ల పైన. వెళ్లి చూడగలిగేవాళ్లు తక్కువ. ఎవరు ఎవరిని ఎన్ని పాయింట్లతో ఓడించారన్నది ఊరికి నోటిమాటగానే చేరుతుంది, పదేళ్లకు ఆ నోళ్లతోనే పోతుంది. పిల్లల దగ్గర ఆటల ఫీజు తీసుకునే ప్రతి కాలేజీ మూడు పనులు చేయాలి: సీజనుకు ముందు జట్టు పేర్లు గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలి, సొంత మైదానంలో ఆడే పోటీ ఏ రోజో ఊరికి చెప్పి గేటు తెరవాలి, ఫలితం ఒక పుస్తకంలో రాసి దాచాలి. వీటిలో దేనికీ నిధులు మంజూరు కానక్కర్లేదు. మైదానమే లేకుండా అనుమతులు తెచ్చుకున్న కాలేజీల సంగతి వేరు. వాటిని ఊరు నిలదీయాలి, నిలదీయడానికి ఊరికి ఆట మీద పట్టింపు ఉండాలి.

రెండోది ఇంకా పెద్దది. టీ కొట్టు దగ్గర గంటసేపు నడిచే వాదనలో ఆడపిల్లల జట్టు ఊసు ఒక్కసారైనా రాదు. మల్లీశ్వరి పేరు చెప్పి రొమ్ము విరుచుకునే జిల్లాలో ఇది న్యాయం కాదు. వాళ్ల నెట్టు ఎత్తు 2.24 మీటర్లు, మగపిల్లలది 2.43. కోర్టు పొడవు అదే 18 మీటర్లు, గాలి అదే, ఇసుక అదే. పైగా సాయంత్రం చీకటి పడకముందు ఇంటికి చేరాలన్న గొడవ వాళ్లకు అదనం. అంత కష్టపడి ఆడే పిల్లల గురించి ఎవరూ పందెం కాయరు, ఎవరూ తప్పు పట్టరు, ఎవరూ ఫలానా అమ్మాయిని ఎందుకు తీసుకోలేదని కాలేజీ మీదకు వెళ్లరు. విమర్శ కూడా ఒక గౌరవమే, అది వాళ్లకు దక్కడం లేదు. ఈ ఏడు జట్లు ఎంపికయ్యేసరికి పలాస అమ్మాయిల్లో షూటర్ ఎవరో, ఇచ్ఛాపురం అమ్మాయిల్లో సర్వీసు ఎవరిది గట్టిదో కవిటిలో నలుగురికి తెలిసి ఉండాలి. తెలిసినవాళ్లు ఒప్పుకోకుండా పోట్లాడుకోవాలి.