మనోవ్యథ నేరము కాదు

ఆత్మహత్యా ప్రయత్నమునకు ఏడాది వరకు జైలుశిక్ష విధింపవచ్చునని 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను శాసించినది. అందువలన బాధితుడు వైద్యునికన్న ముందు పోలీసును తలచుకొనవలసి వచ్చెను. ఆత్మహత్యలకు సామాజిక కారణములు గలవని 1897లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త దుర్ఖైమ్ నిరూపింపబూనెను. మన చట్టము దారి మార్చుటకు మరి 120 ఏండ్లు పట్టినది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను అట్టివారిని తీవ్రమైన ఒత్తిడికి గురియైనవారిగా భావించి, శిక్షకు బదులు చికిత్స కల్పింపుమన్నది. 2024 జూలై 1న వచ్చిన న్యాయసంహితలో పాత 309 లేదు. ప్రభుత్వోద్యోగి విధులపై ఒత్తిడి తెచ్చుటకై చేయు యత్నము మాత్రము 226వ సెక్షను క్రింద ఇంకను నేరమే.

చట్టము మారినను భయము పోలేదు. సంత్రాగాఛి యార్డులో రాత్రి డ్యూటీ చేయువాడైనను, తపాలా సార్టింగులో నలుగువాడైనను నిద్ర పట్టుటలేదని చెప్పుకొనుటకు జంకును. ‘మెడికల్ అన్‌ఫిట్’ అందురేమోనని బెదురు. కాని సర్వీసులో వైకల్యము సంభవించిన ఉద్యోగిని తొలగించుట, హోదా తగ్గించుట కూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను చెప్పుచున్నది. ఆ చట్టపు జాబితాలో మానసిక రుగ్మతయు గలదు. ప్రతి శాఖ ఈ సంగతిని సభ్యులకు తెలుపవలెను.

ఖాళీల భర్తీ, చాలినంత విశ్రాంతి, గోప్యమైన వైద్యసలహా మన కోర్కెలు కావలెను. టెలీ మానస్ నంబరు 14416 ప్రతి నోటీసుబోర్డుపై ఉండవలెను. మౌనము వహించిన సహోద్యోగిని ముందుగా పలుకరించుటయు యూనియను బాధ్యతయే.