తేలిక రకమైనా క్యాన్సర్ రోగికి ముప్పే

నరసాపురం: కోవిడ్ వైరస్‌లో కొత్త రకం వచ్చిందన్న వార్త వినగానే "ఇది ప్రమాదమా, మామూలు జలుబేనా?" అని జనం అడుగుతుంటారు. క్యాన్సర్‌కు మందులు వాడుతున్న రోగి ఉన్న ఇంట మాత్రం ఈ ప్రశ్నకు జవాబు వేరుగా ఉంటుంది.

2021 వేసవిలో ఎన్440కె అనే రకానికి "ఏపీ రకం" అని పేరుపెట్టి చెప్పుకోవడంతో రాష్ట్రమంతటా భయం పాకింది. అది అప్పటికే తగ్గుముఖం పట్టిందని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ రెండో విడతలో ఎక్కువ ప్రాణాలు తీసినది డెల్టా రకం. అదే ఏడాది నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు ఒమిక్రాన్ సంగతి వెల్లడించారు. అది డెల్టా కంటే వేగంగా వ్యాపించినా ఊపిరితిత్తులను అంతగా దెబ్బతీయలేదు. అప్పటికే చాలామంది టీకాలు వేయించుకుని ఉండటం, మరెందరికో జబ్బు ఒకసారి వచ్చిపోయి ఉండటం కూడా కలిసివచ్చింది.

క్యాన్సర్ రోగులలో సైతం ఒమిక్రాన్ కాలంలో మరణాల శాతం తగ్గినట్లు పలు దేశాల పరిశీలనల్లో తేలింది. అయితే ఆరోగ్యవంతులకు తగ్గినంతగా వీరికి ముప్పు తగ్గలేదు. ముఖ్యంగా రక్త క్యాన్సర్ ఉన్నవారికి అది ఎక్కువగానే మిగిలింది.

కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతోపాటు తెల్ల రక్తకణాలనూ తగ్గిస్తాయి. రక్త క్యాన్సర్‌లోనైతే వైరస్‌తో పోరాడవలసిన కణాలే జబ్బుపడతాయి. అందుకే కొందరికి టీకా వేసినా రక్షణ అంతంతమాత్రమే. మరికొందరి ఒంట్లో వైరస్ వారాలు, నెలల తరబడి తిష్ఠవేసి మార్పులు చెందుతుంది. ఏటిగట్టు బలంగా ఉంటే పెద్ద వరదనైనా ఆపుతుంది. గట్టు బలహీనపడితే చిన్న వరదకే గండి పడుతుంది.

వైరస్‌కు భయపడి చికిత్స మానుకోవడం మరో ప్రమాదం. 2020 మార్చి నుంచి మే వరకు దేశంలోని 41 క్యాన్సర్ ఆస్పత్రులలో కొత్తగా నమోదైన రోగుల సంఖ్య అంతకుముందటి ఏడాది అదే కాలంతో పోలిస్తే 54 శాతం పడిపోయింది. రోగి ఆస్పత్రికి వెళ్లడం ఆపినా ఒంట్లో క్యాన్సర్ పెరగడం ఆగదు.

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయినా వైరస్ పోలేదు. చికిత్స కోసం విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు నగరాలకు రైళ్లలో, బస్సుల్లో వెళ్లే రోగులు, వెంట వెళ్లేవారు మాస్కు కట్టుకోవడం మంచిది. టీకా ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది వైద్యం చేస్తున్న డాక్టరునే అడగాలి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మందుల షాపు మాత్రతో సరిపెట్టక వెంటనే ఆస్పత్రికి తెలియజేయాలి. కోవిడ్ అని తేలితే తొలి రోజుల్లోనే మందులు మొదలుపెట్టే వీలుంటుంది. పరామర్శకు వెళ్లదలచిన బంధుమిత్రులు తమ జలుబు, దగ్గు తగ్గేవరకు ఆగితే రోగికి ఎంతో మేలు చేసినవారవుతారు.