‘మొదటి మహిళా న్యాయమూర్తి’ అంటే సరిపోతుందా?

శంషాబాద్ వెళ్లే దారిలో రాజేంద్రనగర్ దగ్గర తెలంగాణ హైకోర్టు కొత్త భవనాల కోసం వంద ఎకరాలు కేటాయించి, 2024 మార్చి 27న శంకుస్థాపన చేశారు. ఆ గోడల మీద రేపు జస్టిస్ కోడూరి అమరేశ్వరి ఫోటో పెట్టినా, కింద రాసేది ‘మొదటి మహిళా న్యాయమూర్తి’ అన్న ఒక్క ముక్కే. ఆ ముక్కతోనే నా పేచీ.

అమరేశ్వరి 1928లో గుంటూరు జిల్లా అప్పికట్లలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, న్యాయవాద వృత్తిలో నిలదొక్కుకుని, 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1990లో పదవీ విరమణ, 2009లో మరణం. ‘మొదటి’ అన్న మాట ఆమె ఘనతను చెబుతుంది సరే, కోర్టు చేసిన ఆలస్యాన్ని మాత్రం దాచిపెడుతుంది. స్త్రీలు వకీళ్లు కావచ్చని చట్టం ఒప్పుకున్నది 1923లో. మన హైకోర్టు గుంటూరులో మొదలైంది 1954లో. కేరళలో అన్నా చాందీ హైకోర్టు న్యాయమూర్తి అయింది 1959లో. మనకు మరో పంతొమ్మిదేళ్లు పట్టింది. అర్హులైన స్త్రీలు లేకనా? పెద్ద ఆస్తి దావాను ఆడ లాయరు చేతిలో పెట్టే కక్షిదారులు ఎందరుండేవారు? పెద్ద కేసులు లేకపోతే పేరు రాదు, పేరు లేనివాళ్లు ఎంపిక చేసేవారి కంటికి ఆనరు.

స్త్రీలు జడ్జీలైతే మన పట్ల దయ చూపుతారనే వాదన కూడా నాకు నచ్చదు. 1983లో సరిత కేసులో, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది ఇదే హైకోర్టులోని పురుష న్యాయమూర్తి, జస్టిస్ పి.ఎ. చౌదరి. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. అప్పటికి ఆ కోర్టులో ఒక్క స్త్రీ కూడా కూర్చోలేదు. ఫాతిమా బీవీ వచ్చింది 1989లో. ఆ సెక్షన్ కింద నోటీసు అందుకుని మన సంఘాల గుమ్మం ఎక్కే ఆడవాళ్లను చూస్తూనే ఉన్నాం. న్యాయపీఠం మీద సగం చోటు స్త్రీల హక్కు. వాళ్లు మంచి తీర్పులిస్తేనే అని షరతు పెట్టడానికి వీల్లేదు. మగవాళ్లకు ఆ షరతు ఎవరు పెట్టారు?

అమరేశ్వరి పన్నెండేళ్లు తీర్పులు రాశారు. వాటిలో స్త్రీల ఆస్తి గురించి, మనోవర్తి గురించి ఏమన్నారు, ఎక్కడ మనతో ఉన్నారు, ఎక్కడ లేరు? వాటిని ఏరి, తెలుగు చేసి, కొత్త కోర్టు లైబ్రరీలో పెట్టమని అడుగుదాం. మన సంఘాలతో పనిచేసే లాయర్లు తలా ఒక సంవత్సరం తీసుకున్నా పని మొదలవుతుంది.