బాహుకుని విద్య

ఎనుమాముల మార్కెట్టులో స్టాక్ అంటే అమ్మకానికి నిలువ ఉన్న సరుకు. పత్తి కానీ, మిర్చి కానీ, పసుపు కానీ, ఆ మాటకు అర్థం ఒక్కటే. అమెరికాలో స్టాక్ కారు పందెమనే పేరూ ఆ అర్థం నుంచే పుట్టినది. పందేనికని ప్రత్యేకంగా నిర్మించిన యంత్రం కాక, వర్తకుని వద్ద అమ్మకానికి నిలిచి ఉన్న కారునే తెచ్చి పరుగెత్తించాలన్నది అక్కడి తొలి నియమం. నేడది పేరుకు మాత్రమే మిగిలినది. ఇప్పటి కార్లు అడుగు నుంచి కప్పు దాకా పందేనికని కట్టినవే.

ఈ పందెపు సారథుల ప్రసక్తి వచ్చినప్పుడు మన విద్యార్థులు వేగాన్నే తలుస్తారు. పంట దినాలలో ఎనుమాముల దారిని బారులు తీరిన లారీల నడుమ మోటారు సైకిలును మెలికలు త్రిప్పుతూ దూసుకుపోయే బాలుడు తానూ ఆ విద్యలో ఆరితేరినవాడననే భావిస్తాడు. ఇంతకంటె పెద్ద పొరపాటు లేదు. పందెపు సారథి బ్రతుకును నిర్ణయించేది వేగం కాదు, లెక్క.

నలోపాఖ్యానం చదివిన ఉపాధ్యాయులకు ఈ మాట వింతగా తోచదు. బాహుకుడనే పేర దాగి ఉన్న నలుడు రథాన్ని విదర్భకు తోలుతుండగా, ఋతుపర్ణుడు త్రోవలోని తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పినాడు. సారథి రథమాపి, చెట్టు దగ్గరకు పోయి, ఆ లెక్కను సరిచూచుకొన్నాడు. తన అశ్వహృదయాన్ని ఇచ్చి రాజు వద్ద అక్షహృదయాన్ని గ్రహించినాడు. గుర్రాలను తోలడంలో సాటిలేని వానికి జూదంలో పోయిన రాజ్యం తిరిగి దక్కినది తోలడం వల్ల కాదు, లెక్క నేర్వడం వల్ల.

స్టాక్ కారు చరిత్ర లెక్కల తగవుతోనే ఆరంభమైనది. 1948లో నాస్కార్ సంస్థ ఏర్పడినది. మరుసటి సంవత్సరం జూన్ 19న షార్లట్ నగరంలో, మార్పులు చేయని కార్లకే పరిమితమైన దాని తొలి పందెం జరిగినది. గీతను ముందుగా దాటినవాడు గ్లెన్ డనవే. పందెం ముగిసిన పిమ్మట పరీక్షకులు కారు క్రింద వంగి చూచినారు. వెనుక కమాను కట్టలను మార్చి బిగించి ఉన్నారు. అది దొంగసారా మోసిన కారు. బరువుతో వేగంగా మలుపు తిరిగేటప్పుడు కుంగకుండా చేసిన ఏర్పాటది. ఎనుమాములకు నిండు బరువుతో వచ్చే లారీ డ్రైవరుకు దానిని విడమరచి చెప్పనక్కర లేదు. గెలుపు జిమ్ రోపర్‌కు పోయినది.

అది న్యాయమైన లెక్క. అన్యాయపు లెక్కా ఉన్నది. వర్జీనియా రాష్ట్రంలోని డాన్‌విల్ వాసి వెండెల్ స్కాట్ నల్లజాతివాడు. తన కారును తానే మరమ్మతు చేసుకొని పందేలకు పోయేవాడు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో అందరికంటె రెండు చుట్లు ముందున్నాడు. అయినను విజేతగా నిలబెట్టి బహుమతి చేతికిచ్చినది బక్ బేకర్ అనే శ్వేతజాతీయునికి. చుట్ల లెక్కలో తప్పు దొరలినదని అధికారులు ఆ తరువాత ఒప్పుకొన్నారు. అప్పటికి చప్పట్లు కొట్టవలసిన జనం ఇళ్లకు చేరినారు. స్కాట్ 1990లో మరణించినాడు. ఆ విజయానికి తగిన బహుమతిని సంస్థ ఆయన కుటుంబానికి అందించినది 2021లో. కాంటా వద్ద నిలబడి రెప్పవేయక తూకం చూచే రైతుకు ఈ కథ పరదేశపు కథగా తోచదు.

ఇక డబ్బు లెక్క. వరంగల్లు వలెనే పత్తి మీద పెరిగిన కోయంబత్తూరు నుంచి వచ్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు. 2010 మార్చిలో మార్టిన్స్‌విల్‌లో నాస్కార్ ట్రక్కు పందెంలో దిగి 13వ స్థానంలో ముగించినాడు. ఆ రంగంలోనూ భారతీయులలో ఆయనే ప్రథముడు. ఆ తరగతిలో మిక్కిలి జనాదరణ గల సారథిగా ఆ సంవత్సరం అభిమానులు ఆయనను ఓట్లతో ఎన్నుకొన్నారు. మరుసటి సంవత్సరం మాత్రం ఆయన అక్కడ నిలువలేదు. ఫార్ములా వన్‌కు మరలినాడు. ఓట్లతో టైర్లు రావు. పందెపు కారు ఒంటినిండా కనిపించే వ్యాపార చిహ్నాలు అలంకారాలని మన పిల్లలు అనుకొంటారు. అవి జమా పద్దులు. వాటిలో ఒకటి చెరిగినదంటే ఎంతటి సారథి అయినా ఇంట కూర్చుండవలసినదే.

ఈ సంగతులు చెప్పకుండ పందెగాని సాహసాన్ని మాత్రమే వర్ణించడం పిల్లలకు చేసే అపకారమే అవుతుంది. యంత్రమంటే ప్రాణమిచ్చే బాలుణ్ణి చదువుకు పనికిరానివాడని త్రోసివేయడం అంతకంటె అపకారం. మార్టిన్స్‌విల్ బాట చుట్టుకొలత సుమారు 846 మీటర్లు. కార్తికేయన్ దిగిన పందెం 250 చుట్లు. ఇంధనం ఎన్ని చుట్లకు చాలుతుంది, టైరు ఎన్ని చుట్లకు అరుగుతుంది, ఏ చుట్టులో ఆగితే ఎన్ని స్థానాలు వెనుకబడతారు? ఎనుమాముల దారిలో మెలికలు త్రిప్పే ఆ బాలుణ్ణి వెనుక బల్ల మీది నుంచి లేపి, సుద్దముక్క చేతికిచ్చి, ఈ లెక్క వేయమని అడగవచ్చును.